నాలుగు ఫార్ములాలు బట్టీ పట్టకండి, రెండు పట్టీలు గీయండి

ముందు ఈ నాలుగు లెక్కలు చూడండి. నాలుగింటిలోనూ అంకెలు అవే. అక్క దగ్గరా చెల్లెలి దగ్గరా ఉన్న డబ్బు 5:2 నిష్పత్తిలో ఉంది. మధ్యలో ఒకటి జరిగింది. తర్వాత ఆ నిష్పత్తి 2:1 అయింది. మొదట అక్క దగ్గర ఎంత ఉంది?

మధ్యలో జరిగింది మాత్రం నాలుగు రకాలు. ఒకటో లెక్కలో పండక్కి నాన్న ఇద్దరికీ చెరో రూ.1,500 ఇచ్చాడు. రెండో లెక్కలో అక్కే చెల్లెలికి రూ.1,500 ఇచ్చింది. మూడో లెక్కలో చెల్లెలు ట్యూషన్ చెప్పి రూ.1,500 సంపాదించింది, అక్క డబ్బు అలాగే ఉంది. నాలుగో లెక్కలో అక్క రూ.1,500 ఖర్చు పెట్టింది, చెల్లెలి డబ్బు అలాగే ఉంది.

జవాబులు వరుసగా రూ.7,500, రూ.22,500, రూ.15,000, రూ.7,500. ఒక్క అంకె కూడా మారలేదు. వాక్యంలో క్రియ మారింది, అంతే. జవాబు మూడు రెట్ల దాకా పోయింది. పేపర్ తయారుచేసేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే 7,500, 15,000, 22,500 మూడూ ఆప్షన్లలో పక్కపక్కనే కూర్చుంటాయి.

ఇప్పుడు మీ కోచింగ్ నోట్సు తీయండి. ‘చేంజింగ్ రేషియో’ అన్న హెడ్డింగ్ కింద ఏముంది? పాత నిష్పత్తి పైన, కొత్త నిష్పత్తి కింద రాసి ఉంటుంది. మధ్యలో అడ్డంగా రెండు గీతలు. 5ని 1తో, 2ని 2తో గుణించి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే హారం వచ్చేస్తుంది. ఇక లవం దగ్గరే అసలు కథ. ఇద్దరికీ సమానంగా కలిస్తే, మారిన సొమ్ముని కొత్త నిష్పత్తిలోని అంకెల తేడాతో గుణించాలి. ఒకరి నుంచి ఇంకొకరికి వెళితే ఆ రెండంకెల మొత్తంతో గుణించాలి. రెండో మనిషి డబ్బు మాత్రమే మారితే కొత్త నిష్పత్తిలోని మొదటి అంకెతో, మొదటి మనిషి డబ్బు మాత్రమే మారితే రెండో అంకెతో. నాలుగు సందర్భాలు, నాలుగు లవాలు, పక్కన ఎర్ర పెన్నుతో ‘ఇంపార్టెంట్’ అని నక్షత్రం గుర్తు.

ఈ ఫార్ములాలు తప్పని అనడం లేదు. పై నాలుగు లెక్కల మీద వేసి చూడండి, నాలుగూ సరిగ్గానే వస్తాయి. నా తగాదా వేరే. ఇలాంటి లెక్కలో కష్టమైన పని ఒక్కటే ఉంటుంది: ఇది ఏ రకం మార్పో వాక్యం చదివి తేల్చుకోవడం. ఆ తర్వాత మిగిలేది ఆరో తరగతి గుణకారం. ఈ ఫార్ములా కష్టమైన పనిని ముట్టుకోదు, దాన్ని మన నెత్తినే వదిలేస్తుంది. తేలికైన గుణకారానికి మాత్రం షార్ట్‌కట్ ఇస్తుంది. అంటే అవసరం లేని చోట సాయం చేసి, అవసరమైన చోట చేతులెత్తేస్తుంది. దానికి మనం ఫీజు కట్టి, నోట్సు రాసుకుని, పరీక్ష ముందు రాత్రి మళ్లీ తిరగేసుకుంటున్నాం.

పరీక్ష హాల్లో జరిగేది చూడండి. అక్క చెల్లెలికి ఇచ్చిన లెక్క వచ్చింది. లవంలో తేడాతో గుణించాలా, మొత్తంతో గుణించాలా అన్నది ఆ నిమిషంలో గుర్తుకు రాదు. తేడాతో గుణిస్తే 7,500 వస్తుంది. ఆ అంకె ఆప్షన్లలో కనబడుతుంది. కనబడగానే మనసు కుదుటపడుతుంది, పెన్ను వృత్తం దిద్దేస్తుంది. నిజానికి 7,500, 3,000 అనుకుని అక్క దగ్గర 1,500 తీసి చెల్లెలికి ఇచ్చి చూస్తే 6,000, 4,500 వస్తాయి. అది 4:3 గాని 2:1 కాదు. సరిచూడటానికి పది సెకన్లు చాలు. కానీ ఫార్ములాతో వచ్చిన జవాబుని సరిచూడాలని ఎవరికీ అనిపించదు. ఫార్ములా మనకి నేర్పే మొదటి చెడ్డ అలవాటు అదే.

ఇప్పుడు అదే లెక్క పట్టీలతో. బార్ మోడల్ అంటారు గాని మన మాటల్లో పట్టీలు, గడులు అంటే చాలు. ఒక్కొక్కరి డబ్బుకి ఒక పట్టీ. నిష్పత్తిలో ఎంత ఉంటే అన్ని గడులు. గీసే ముందు ఒకే ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఏది మారలేదు?

అక్క చెల్లెలికి ఇచ్చింది. డబ్బు ఇంట్లోంచి బయటికి పోలేదు, బయటి నుంచి లోపలికి రాలేదు. కాబట్టి ఇద్దరి మొత్తం మారలేదు. ఆ మొత్తం ముందు 5+2, అంటే 7 గడులు. తర్వాత 2+1, అంటే 3 గడులు. ఒకే రొట్టెని ఒకసారి ఏడు ముక్కలు చేశాం, ఇంకోసారి మూడు ముక్కలు చేశాం. పోల్చాలంటే రెండు సార్లూ ముక్క ఒకే సైజులో ఉండాలి. కాబట్టి 21 ముక్కలు చేయండి. 5:2 కాస్తా 15:6 అవుతుంది. 2:1 కాస్తా 14:7 అవుతుంది.

ముందు
అక్క □□□□□□□□□□□□□□□
చెల్లెలు □□□□□□

తర్వాత
అక్క □□□□□□□□□□□□□□
చెల్లెలు □□□□□□□

ఒక్క గడి అక్క పట్టీ నుంచి చెల్లెలి పట్టీకి నడిచింది. ఆ గడి విలువే రూ.1,500. అక్క దగ్గర 15 గడులు, అంటే రూ.22,500.

మిగతా మూడూ ఇంతకన్నా తేలిక. నాన్న ఇద్దరికీ సమానంగా ఇచ్చిన లెక్కలో మారనిది తేడా. 5:2లో తేడా 3 గడులు, 2:1లో తేడా 1 గడి. రెండోదాన్ని 6:3 చేస్తే తేడాలు సరిపోతాయి. అక్క 5 నుంచి 6కి వెళ్లింది, చెల్లెలు 2 నుంచి 3కి వెళ్లింది, చెరో గడి. 5 గడులు రూ.7,500. చెల్లెలు సంపాదించిన లెక్కలో మారనిది అక్క పట్టీ. 5నీ 2నీ కలిపే అంకె 10, కాబట్టి 10:4 కాస్తా 10:5 అయింది. మళ్లీ ఒక గడే. అక్కకి 10 గడులు, రూ.15,000. అక్క ఖర్చు పెట్టిన లెక్కలో మారనిది చెల్లెలి పట్టీ. 5:2 కాస్తా 4:2 అయింది. ఒక గడి పోయింది, రూ.7,500.

గమనించారా, నాలుగు లెక్కల్లోనూ కదిలింది ఒక్క గడే, దాని విలువ రూ.1,500. మారిందల్లా అక్క పట్టీలో మొత్తం ఎన్ని గడులున్నాయన్నదే. ఫార్ములా పుస్తకంలో ఇవి నాలుగు వేర్వేరు అధ్యాయాలు. కాగితం మీద ఇవి ఒకే బొమ్మకి నాలుగు పేర్లు. ఆ నాలుగు లవాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు చూడండి. మొత్తం మారనప్పుడు కొత్త అంకెల మొత్తం, తేడా మారనప్పుడు కొత్త అంకెల తేడా, మొదటి మనిషి మారనప్పుడు మొదటి అంకె, రెండో మనిషి మారనప్పుడు రెండో అంకె. మారనిదేదో అదే లవంలోకి వచ్చి కూర్చుంది. ఈ ఒక్క వాక్యం బోర్డు మీద రాస్తే నాలుగు ఫార్ములాలు రాయాల్సిన పని లేదు. రాయరు. ఎందుకో నాకు అర్థం కాదు. ఒక వాక్యానికి రెండు గంటల క్లాసు పెట్టలేరు కాబట్టేమో.

ఇక్కడ చాలామంది కాలు జారే చోటు ఒకటుంది, దాని దగ్గర కాసేపు ఆగుదాం. ఇంకో లెక్క. రవి, గోపిల దగ్గర డబ్బు 5:8 నిష్పత్తిలో ఉంది. గోపి మెస్ బిల్లు రూ.2,100 కట్టాక నిష్పత్తి 10:9 అయింది. గోపి దగ్గర డబ్బు తగ్గింది. కానీ అతని అంకె 8 నుంచి 9కి పెరిగింది! ఆర్ట్స్ చదివి వచ్చిన మిత్రులు ఇక్కడే బుర్ర గోక్కుంటారు. వాళ్లు గోక్కోవడంలో తప్పేమీ లేదు, నిజంగానే ఇది వింతగా కనబడుతుంది. ‘క్రాస్ మల్టిప్లై చేసేయ్, ఆలోచించకు’ అని చెప్పేవాళ్లదే తప్పు.

నిష్పత్తిలోని అంకె డబ్బు కాదు, పాలు. మేస్త్రీ ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్లు ఇసుక అంటాడు. ఆ పాలు గంపా, తట్టా, బస్తానా అన్నది వేరే సంగతి. ఇంట్లో బియ్యం మానికతో కొలిస్తే ఎనిమిది, తవ్వతో కొలిస్తే పదహారు. బియ్యం అవే, కొలపాత్ర మారింది. 5:8 ఒక కొలపాత్ర, 10:9 ఇంకో కొలపాత్ర. రెండు వేర్వేరు పాత్రలతో కొలిచిన అంకెల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడం ఎవరూ చేయరు. రవి డబ్బు మారలేదు కాబట్టి అతన్నే కొలబద్ద చేసుకోండి. 5ని 10 చేయండి, అప్పుడు 5:8 కాస్తా 10:16 అవుతుంది. ఇప్పుడు రెండూ ఒకే పాత్రతో కొలిచినట్టు. గోపి 16 నుంచి 9కి దిగాడు. 7 గడులు రూ.2,100, ఒక గడి రూ.300. రవి దగ్గర 3,000, గోపి దగ్గర మొదట 4,800, బిల్లు కట్టాక 2,700. వింత పోయింది. మిగిలింది లెక్క.

ఈ గొడవంతా ఎందుకని మీకు అనిపించవచ్చు. నిష్పత్తుల మీద పేపర్లో ఒకటో రెండో వస్తాయి, వదిలేస్తే పోయింది కదా అని. సీశాట్ 2011లో వచ్చింది. 2015 నుంచి అది అర్హత పేపర్ మాత్రమే, 33 శాతం వస్తే చాలు. ‘మాత్రమే’ అన్న ఆ మాటే చాలామందిని ముంచింది. 200 మార్కులకి 66 రావాలి. 80 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 2.5 మార్కులు, తప్పు రాస్తే మూడో వంతు కోత. మీరు 29 ఒప్పు, 8 తప్పు రాశారనుకోండి. 72.5లోంచి 6.67 పోతే 65.83. జనరల్ స్టడీస్‌లో ఎన్ని మార్కులు వచ్చినా ఆ పేపర్ అక్కడితో సరి. ఆ తప్పుల్లో ఒక్కటి ఒప్పయి ఉంటే 69.17. 2023 పేపర్ తర్వాత కొందరు అభ్యర్థులు ఆ 33 శాతాన్ని 23కి తగ్గించమని ట్రిబ్యునల్‌కీ, ఆ తర్వాత ఢిల్లీ హైకోర్టుకీ వెళ్లారు. గీత తగ్గలేదు. గీత తగ్గనప్పుడు ఒక్కో లెక్కకీ విలువ ఉంటుంది. స్టాఫ్ సెలెక్షన్, బ్యాంకు, రైల్వే పరీక్షలు కూడా రాసేవాళ్లకి ఈ రకం లెక్కలు ఎంత తరచుగా ఎదురవుతాయో నేను చెప్పక్కర్లేదు.

మన తెలుగు మీడియం వాళ్లకి ఇంకో బరువు ఉంది. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే ఉంటుంది. అంటే చరిత్రలో, పాలిటీలో ఎంత పట్టున్నా, అక్క ఇచ్చిందా, అక్కకి వచ్చిందా, ఇద్దరూ పెట్టారా అన్నది పరాయి భాషలో ఒక చిన్న మాట మీద ఆధారపడి ఉంటుంది. ‘గివ్స్ టు’ ఒకటి, ‘స్పెండ్స్’ ఒకటి, ‘ఈచ్’ ఒకటి, ‘రిమైండర్’ ఒకటి. మూడు జవాబులకీ మధ్య తేడా అంతా ఆ ఒక్క మాటలోనే ఉందని పైన చూశాం. ఫార్ములా వేసేవాడి చూపు అంకెల మీద ఉంటుంది, మాట మీద నుంచి జారిపోతుంది. పట్టీ గీసేవాడు ఆ మాటని చదవకుండా గీయలేడు. గడి ఎటు జరపాలో ఆ మాటే చెప్పాలి. ఒకసారి గీశాక ఇక ఇంగ్లీషు లేదు, హిందీ లేదు. కాగితం మీద ఉన్నది అందరికీ ఒకే భాష. షార్ట్‌కట్ల వల్ల ఎక్కువ నష్టపోయేది ఎవరంటే, ఆ షార్ట్‌కట్లు ఎవరికోసమని అమ్ముతున్నారో వాళ్లే. ‘నీకు మ్యాథ్స్ రాదు కదా, ఇది బట్టీ పట్టెయ్’ అని చెప్పడం సాయంలా వినిపిస్తుంది. అది ఆ మనిషిని ఆలోచనకి పనికిరాడని ముందే తీసిపారేయడం.

‘పట్టీలా, అవి చిన్నపిల్లలకి కదా’ అంటారు. అవును, చిన్నపిల్లలకే. 1980లలో సింగపూర్‌లో ఖో టెక్ హాంగ్ నాయకత్వంలోని పాఠ్యప్రణాళిక బృందం ఈ పద్ధతిని ప్రాథమిక పాఠశాలల్లోకి తెచ్చింది. పిల్లలు మాటల్లో ఉన్న లెక్కలు చదివి తికమకపడుతున్నారని తెచ్చారు. 1995లో అంతర్జాతీయ గణిత అంచనా టిమ్స్‌లో నాలుగో తరగతిలోనూ ఎనిమిదో తరగతిలోనూ సింగపూర్ మొదటి స్థానంలో నిలిచింది. దానికి పట్టీలు ఒక్కటే కారణమని అనను, అలా అనడం కూడా ఒక షార్ట్‌కట్టే. కానీ పదకొండేళ్ల పిల్ల ఎక్స్ పెట్టకుండా చేసే లెక్కని ఇరవై ఆరేళ్ల డిగ్రీవాడు ఫార్ములా గుర్తు రాక వదిలేస్తే, ఇద్దరిలో చిన్నపిల్లల పని ఎవరు చేస్తున్నట్టు?

‘విదేశీ పద్ధతి’ అనే వాళ్లూ ఉన్నారు. వాళ్లకి 12వ శతాబ్దపు లెక్క ఒకటి ఇస్తాను. భాస్కరాచార్యుడి బీజగణితంలో ఉంది. ఇద్దరు మిత్రులు మాట్లాడుకుంటున్నారు. నువ్వు నాకు వంద ఇస్తే నా దగ్గర నీకు రెట్టింపు ఉంటుందని మొదటివాడు అంటాడు. నువ్వే నాకు పది ఇస్తే నా దగ్గర నీకు ఆరు రెట్లు ఉంటుందని రెండోవాడు అంటాడు. ఎవరి దగ్గర ఎంత ఉంది? మన పుస్తకాల్లోని ‘చేంజింగ్ రేషియో’ లెక్క ఇదే. అవ్యక్త రాశి పెట్టి సాధించే పుస్తకంలోది కాబట్టి, దాన్ని మీరు ఎక్స్ తోనూ చేయొచ్చు. పట్టీతో చేసి చూద్దాం. రెండు సందర్భాల్లోనూ డబ్బు వాళ్లిద్దరి మధ్యే తిరిగింది, మొత్తం మారదు. మొదటి మాట ప్రకారం 2:1, మొత్తం 3 గడులు. రెండో మాట ప్రకారం 1:6, మొత్తం 7 గడులు. 21 గడులు చేస్తే మొదటివాడికి ఒక సందర్భంలో 14, ఇంకో సందర్భంలో 3. ఈ రెండింటి మధ్య తేడా 11 గడులు. డబ్బులో ఆ తేడా ఎంత? ఒక చోట అతనికి వంద వచ్చింది, ఇంకో చోట పది పోయింది, మొత్తం 110. ఒక గడి పది. మొదటివాడికి వంద వచ్చాక 140, కాబట్టి అసలు ఉన్నది 40. మొత్తం 210, రెండోవాడికి 170. సరిచూసుకోండి: 140, 70. 30, 180. ఇందులో ఏ అడుగైనా పరాయిదిగా అనిపించిందా? మహావీరాచార్యుడి గణిత సార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో పెట్టిన నేల మనది. లెక్కని కథగా వినడం మనకి కొత్త కాదు, మధ్యలో మరిచిపోయాం.

టైమ్ సంగతి. 120 నిమిషాలకి 80 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి ఒకటిన్నర నిమిషం. రెండు గీతలు గీసి అడ్డంగా నాలుగు చెక్కలు పెట్టడానికి ఎంత పడుతుంది? స్కేలు అక్కర్లేదు, అందం అక్కర్లేదు, నాలుగు రోజులు చేశాక గడులు కూడా అక్కర్లేదు, 15:6, 14:7 అని రాసుకుంటే చాలు. పట్టీ గీయడం వల్ల టైమ్ పోతుందనేవాళ్లు, ఏ ఫార్ములానో గుర్తు తెచ్చుకుంటూ కప్పు కేసి చూసిన ముప్పై సెకన్లని లెక్కలో వేయరు.

‘ఆప్షన్లు పెట్టి చూస్తే పోలా’ అన్న వాదనలో మాత్రం బలం ఉంది. ఆప్షన్లు నాలుగూ గుండ్రంగా ఉంటే, మార్పు ఒక్కటే అయితే, పెట్టి చూడండి. కానీ సీశాట్‌లో దత్తాంశం సరిపోతుందా అని అడిగే ప్రశ్నలు వస్తాయి, అక్కడ పెట్టి చూడటానికి అంకెలే ఉండవు. ఉదాహరణకి: ఇద్దరి డబ్బు 3:2లో ఉంది, మొదటివాడు రెండోవాడికి కొంత ఇచ్చాక సమానమయ్యారు, మొదటివాడి దగ్గర మొదట ఎంత? ఒకటో వాక్యం, అతను ఇచ్చింది రూ.400. రెండో వాక్యం, ఇద్దరి మొత్తం రూ.4,000. మొత్తం మారదు కాబట్టి 10 గడులు. 6:4 కాస్తా 5:5. ఒక గడి కదిలింది. ఒకటో వాక్యం ఒక గడి విలువ చెబుతోంది, రెండోది పది గడుల విలువ చెబుతోంది. ఏ ఒక్కటైనా చాలు. జవాబు ఎంతో కనుక్కోకుండానే, చాలునని చెప్పేశాం. ఫార్ములా తెలిసినవాడికి రెండో వాక్యం ఎక్కడ పెట్టాలో తెలియదు. ఫార్ములాలో ‘మొత్తం’ అన్న గది లేదు.

ఆదాయాలు, ఖర్చుల లెక్క కూడా ఈ కుటుంబంలోదే, దాన్ని వేరే ‘మోడల్’గా నేర్పుతారు, అది ఇంకో దోపిడీ. ఇద్దరి జీతాలు 8:5, ఖర్చులు 5:3, ఇద్దరూ చెరో రూ.2,500 మిగులుస్తున్నారు. ఇద్దరి మిగులూ ఒకటే కాబట్టి జీతాల మధ్య తేడా ఎంతో ఖర్చుల మధ్య తేడా కూడా అంతే. 3 గడులు, 2 గడులు. రెండింటినీ 6 చేయండి. జీతాలు 16:10, ఖర్చులు 15:9. మిగులు ఒక గడి. జీతాలు రూ.40,000, రూ.25,000. మూడు వరుసలు. ఇద్దరి మిగులూ వేర్వేరైతే ఇంత సాఫీగా పోదు, అది వేరే సంగతి.

పట్టీ అన్నింటికీ సరిపోతుందని నేను అంటే అది కూడా అమ్మకమే అవుతుంది. ఇద్దరి డబ్బూ వేర్వేరు మొత్తాల్లో మారితే, ఏదీ నిలకడగా ఉండదు. ఇద్దరు రూమ్మేట్ల డబ్బు 3:2. మొదటివాడికి ఇంటి నుంచి రూ.1,000 వచ్చింది, రెండోవాడు రూ.500 ఖర్చు పెట్టాడు, ఇప్పుడు 8:3. ఇక్కడ 3ఎక్స్, 2ఎక్స్ అని రాసి సమీకరణం సాధిస్తే నాకేమీ అభ్యంతరం లేదు, చాలామందికి అదే వేగం. బీజగణితంతో నాకు పేచీ లేదు. గడికి పెట్టిన పేరే ఎక్స్. గడి అంటే ఏమిటో తెలిసినవాడికి ఎక్స్ భయం పోతుంది. అది తెలియకుండా ఎక్స్ పట్టుకున్నవాడు 3ఎక్స్, 2ఎక్స్ రాసిన చేతితోనే మారిన నిష్పత్తికి కూడా 8ఎక్స్, 3ఎక్స్ అని రాసేస్తాడు. రెండు వేర్వేరు కొలపాత్రలకి ఒకే పేరు! తవ్వనీ మానికనీ ఒకటే అనుకున్నట్టు.

అయినా ఈ లెక్కకి కూడా పట్టీ దారి ఉంది. నిలకడగా ఏదీ లేకపోతే మనమే నిలబెట్టొచ్చు. రెండోవాడు 500 ఖర్చు పెట్టినప్పుడు, 3:2 చెడకుండా ఉండాలంటే మొదటివాడు 750 ఖర్చు పెట్టాలి. పెట్టాడని అనుకుందాం. అప్పుడు నిష్పత్తి ఇంకా 3:2. నిజంగా జరిగింది 8:3. రెండు కథల్లోనూ రెండోవాడి డబ్బు ఒకటే, కాబట్టి అతనికి 6 గడులు ఇవ్వండి. ఊహించిన కథలో మొదటివాడికి 9, నిజం కథలో 16. ఈ 7 గడుల తేడా ఎక్కడిది? 750 పెట్టాల్సింది పెట్టలేదు, పైగా 1,000 వచ్చింది, మొత్తం 1,750. గడి రూ.250. రెండోవాడి దగ్గర ఇప్పుడు 1,500, మొదట 2,000. మొదటివాడి దగ్గర ఇప్పుడు 4,000, మొదట 3,000.

ఇది మొదటిసారి చదివితే తల తిరుగుతుంది. రేపు పొద్దున్న, అశోక్‌నగర్‌లోనో చిక్కడపల్లి లైబ్రరీలోనో మీరెక్కడ కూర్చుంటే అక్కడ, ఖాళీ కాగితం మీద మళ్లీ గీయండి. ఫార్ములా పేజీ మూసి పెట్టండి. గీశాక ఇంకోటి చేయండి: అన్నదమ్ముల డబ్బు 7:3. అన్న తమ్ముడికి రూ.1,200 ఇచ్చాడు, అందులో తమ్ముడు రూ.600 ఖర్చు పెట్టాడు. ఇప్పుడు 5:4. అన్న దగ్గర మొదట రూ.4,200 ఉండాలి. అంతకన్నా వేరే అంకె వస్తే, మళ్లీ గీసే ముందు ఆ 600 ఎవరి పట్టీలోంచి తీశారో చూసుకోండి.